వంటింటి కాటా మీద పెళ్ళిజడ

నాకు సంబంధం కుదరడానికి మూడు వారాలు పట్టింది. జడ సామాను కుదరడానికి నాలుగు నెలలు పట్టింది.

2025 మేలో, వైశాఖ మాసంలో, రాజమహేంద్రవరంలో నా పెళ్ళి. ముహూర్తం రాత్రి ఒంటిగంటా నలభై నిమిషాలకు. పురోహితుడు ఆ సమయం చెప్పగానే నాన్నకు కరెంటు, జనరేటరు గుర్తొచ్చాయి. అమ్మ మాత్రం తిన్నగా నా తల వంక చూసింది. అప్పటికి నా జుట్టు భుజాలు దాటదు. హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన ఏడాది, నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంట్లో ఉంటూ, ఇంత జుట్టుకు నీళ్ళు ఎక్కడ తెచ్చేదని కత్తిరించేసుకున్నాను. "పెళ్ళినాటికి ఏం చేస్తావో నేనూ చూస్తాను" అని అమ్మ ఆనాడే అంది. ఆ చూసే రోజు వచ్చింది.

మొదటి తప్పు నాదే. నిశ్చితార్థానికి ఎవరినీ అడగకుండా ఫోనులో చూసి ఒక జడ సెట్టు తెప్పించుకున్నాను. జడ మొదట్లో పెట్టే నాగరం, పాపిడికి రెండు పక్కలా పెట్టే సూర్యుడు, చంద్రుడు, జడ పొడవునా ఐదు బిళ్ళలు, పాపిడి బిళ్ళ. ఫొటోలో అచ్చం గుడిలో అమ్మవారి నగల్లా ఉన్నాయి. అన్నిటికీ వెనక చిన్న క్లిప్పులు. నాగరానికైతే దాని బరువుకు ఏ మాత్రం సరిపోని క్లిప్పు ఒకటి. వేడుక మధ్యలో కుర్చీకి చేరగిలబడ్డానో లేదో అది ఊడి, కాఫీ గ్లాసులున్న పళ్ళెంలో పడింది. కాబోయే అత్తగారు దాన్ని తీసి, కొంగుతో తుడిచి, నవ్వకుండా నా చేతికిచ్చారు. ఆవిడ నవ్వి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. రాత్రి చూసుకుంటే మెడ మీద ఆకుపచ్చ మరక. చెమట తగిలి పైపూత పోయి, లోపలి రాగి బయటపడింది. జనవరి చలిలోనే ఇలా అయితే మే నెల గోదావరి ఉక్కలో సంగతి చెప్పనక్కర్లేదు.

అప్పుడు అమ్మమ్మ పెట్టె తెరిచింది. పసుపు గుడ్డ మూటలో ఒక నాగరం, ఏడు జడబిళ్ళలు. చేమంతి పువ్వు ఆకారం, నడుమ ఎర్రరాయి, పైకి పెద్ద బిళ్ళ, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి. వెనక క్లిప్పులేమీ లేవు. దారం దూర్చి జడకు కుట్టడానికి రెండేసి చిన్న కొలికీలు ఉన్నాయి. నిజానికి అవి తొమ్మిది బిళ్ళలు. రెండు మా మామయ్య కాలేజీ ఫీజు కోసం అమ్మేశారు. జడబిళ్ళలు బేసి సంఖ్యలోనే ఉండాలన్న పట్టింపు వల్ల ఒకటి చాలినా రెండు అమ్మాల్సి వచ్చిందట. మిగిలిన డబ్బుతో మామయ్యకు సైకిలు కొన్నారట.

ఆ రెండు బిళ్ళలూ మళ్ళీ చేయిద్దామని అమ్మకు పట్టుదల. కంసాలికి ఫోను చేసింది. అది పది గ్రాముల బంగారం లక్ష రూపాయలు తాకిన ఏప్రిల్ నెల. ఆయన లెక్క చెప్పడం పూర్తికాకముందే అమ్మ ఫోను పెట్టేసింది. అమ్మమ్మ తేలిగ్గా తేల్చేసింది: "తొమ్మిది బిళ్ళలు నా జడకు. అది మోకాళ్ళు తాకేది. దీనికి ఏడే ఎక్కువ."

ఏడు పట్టాలన్నా ముందు జడ ఉండాలి కదా. సవరం కోసం, అంటే జడలో కలిపి అల్లుకునే విడి జుట్టు కోసం, సికింద్రాబాదు జనరల్ బజారులో ఒక మధ్యాహ్నమంతా తిరిగాను. ఈ విషయం కొంచెం విడమరచి చెబుతాను, ఎందుకంటే నగల గురించి చెప్పేవాళ్ళు దొరుకుతారు గానీ సవరం గురించి ఎవరూ పెదవి విప్పరు. అది పెట్టుకున్నట్టు ఒప్పుకోవడం నామోషీ కాబోలు. కొట్లో దీపాల వెలుగులో ప్రతి సవరమూ నల్లగానే కనిపిస్తుంది. చేత్తో పట్టుకుని వీధిలోకి వచ్చి ఎండలో నా జుట్టు పక్కన పెట్టి చూస్తే ఒకటి ఊదా, ఒకటి గోధుమ. ప్లాస్టిక్ పీచుతో చేసినది మెరుస్తుంది, పైగా నున్నగా ఉండి అల్లిక జారిపోతుంది. తేల్చుకోవడానికి కొట్టతనే ఒక వెంట్రుక తీసి కాల్చి చూపించాడు. అసలు జుట్టు కాలితే కమురు వాసన వచ్చి, బూడిద నలిపితే పొడి అవుతుంది. నకిలీది ముద్దగా కరిగి గట్టిపడుతుంది. "ఇది తిరుపతి జుట్టమ్మా" అన్నాడు. తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకున్నవాళ్ళ జుట్టును దేవస్థానం వేలం వేస్తుందన్న మాట నిజమే గానీ, ఈ సవరం అక్కడినుంచే వచ్చిందని నమ్మడానికి అతని మాట తప్ప మరో ఆధారం లేదు. నేను నమ్మాను. ఎవరో ఏడుకొండలవాడికి ఇచ్చుకున్నది నా జడలోకి వచ్చిందనుకుంటే బాగానే ఉంది. బేరం మాత్రం ఆపలేదు.

ఇంటికి తెచ్చి వంటింటి కాటా మీద పెట్టాను. కేకు పిండి తూచుకోవడానికి కొన్న చిన్న ఎలక్ట్రానిక్ కాటా అది. సవరం 140 గ్రాములు. అలవాటుగా తూచిన ఆ ఒక్క అంకే తరువాత నా నిర్ణయాలన్నీ చేసింది.

అద్దె నగల కొట్లో ఒక కెంపుల జడ సెట్టు చూశాను. తల మీద నుంచి నడుము దాకా పరుచుకునే రకం. ఈ కెంపు రాళ్ళ పనితనానికి నాగర్‌కోయిల్ నగరంలోని వడసేరి ప్రసిద్ధి, నాట్యకత్తెలు వేసుకునే ఆలయ నగలు అక్కడ చేస్తారు. నేను చూసినది దానికి నకలు. నకలైనా కళ్ళు తిప్పుకోలేకపోయాను. అడ్వాన్సు కట్టి రెండు రోజుల కోసం ఇంటికి తెచ్చుకున్నాను. కాటా మీద 430 గ్రాములు. అమ్మమ్మ బిళ్ళలు ఏడూ కలిపి తూస్తే 62 గ్రాములు. పలుచటి బంగారు రేకు, లోపల లక్క. మా ముత్తాతలు పిసినారులై అలా చేయించారో, లేక మోసేవాళ్ళ మెడ మీద జాలితో చేయించారో ఎవరికి తెలుసు.

అమ్మకేమో నిండు పూలజడ కావాలి. తన పెళ్ళి ఫొటోలో ఉన్నట్టు, వెంట్రుక కనపడకుండా మల్లెమొగ్గలతో కుట్టిన జడ. మొగ్గలతో మూడడుగుల జడ ఎంత తూగుతుందని కుట్టేవాళ్ళను అడిగితే అరకిలో పైనే అన్నారు. సవరం, పూలు, పైన కెంపుల సెట్టు, చివర వేలాడే కుప్పెలు. అన్నీ కలిపితే కిలో దాటుతోంది. నమ్మకం కుదరక ఒక ఆదివారం కిలో బియ్యం పొడవాటి గుడ్డ సంచిలో పోసి, సవరంతో అల్లిన జడకు కట్టుకుని ఇల్లంతా తిరిగాను. గంటకు మెడ పట్టేసింది. రెండు గంటలకు కణతల దగ్గర పోటు మొదలైంది. తల వంచగానే సంచి ముందుకు జారి నా మోకాలికి తగిలింది. పెళ్ళిలో తల వంచే పనులు ఎన్ని ఉంటాయో ఒక్కసారి లెక్కపెట్టుకోండి. మా నాన్న పేపరు మడిచి, "బియ్యం తీసుకొచ్చావా, ఎక్కడికైనా మోసుకుపోతున్నావా?" అని అడిగారు. మర్నాడే కెంపుల సెట్టు వెనక్కి ఇచ్చేశాను. అడ్వాన్సులో కొంత పోయింది.

బరువు సంగతి నాకు నేనే తెలుసుకున్నాను గానీ, స్థలం సంగతి చెప్పింది మాత్రం అమ్మమ్మే. బ్యూటీపార్లర్ అమ్మాయి మొదటిసారి జుట్టు వేసి చూపించిన రోజు అమ్మమ్మ కూడా వచ్చింది. ఆ అమ్మాయి నా తల ముందు భాగమంతా ఎత్తుగా లేపి, లోపల స్పంజి పెట్టి, స్ప్రే కొట్టి, ఆ ఎత్తు మీద నాగరం కూర్చోబెట్టింది. అద్దంలో నేను నాకే రాణిలా కనిపించాను.

"బాగుందమ్మా," అంది అమ్మమ్మ ఆ అమ్మాయితో. "పెళ్ళికొడుకు జీలకర్ర బెల్లం ఎక్కడ పెట్టాలి?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం. జీలకర్ర బెల్లం పెట్టేది మాడు మీద. ముహూర్తం అంటే ఆ క్షణమే. అక్కడ స్పంజి, స్ప్రే, నగ అడ్డముంటే ఆయన చెయ్యి నా తలకు తగలదు, స్పంజికి తగులుతుంది. అమ్మమ్మ అక్కడితో ఆగలేదు. నుదుటికి బాసికం కడతారు, దాని దారం కణతల మీదుగా వెనక్కి వెళ్ళి ముడిపడుతుంది. మరి ఈ మూడు పేటల పాపిడి గొలుసులు రెండు పక్కలా అదే దారిలో ఉన్నాయి కదా, దారం ఎక్కడినుంచి పోతుంది? తలంబ్రాలు పోస్తుంటే ఈ ఎత్తు మీద బియ్యం నిలుస్తాయా, జారి కళ్ళలో పడతాయా? ఒక్కో ప్రశ్నకూ ఒక్కో నగ దిగింది. చివరికి తేలిందేమిటంటే, తిన్నని పాపిడి, తల మీద ఎత్తు లేదు, మాడు ఖాళీ. నాగరం మాడు దాటాక, వెనక జడ మొదలయ్యే చోట. పాపిడి బిళ్ళ ఒంటి పేటది, నుదుటి మీదికి మరీ దిగకుండా, బాసికానికి చోటు వదిలి. మూడు పేటలది మరీ మనసుపడి ఉంటే రిసెప్షనుకు పెట్టుకోమంది. పెట్టుకున్నాను కూడా. ఎప్పుడైనా పెళ్ళికూతురికి నగలు అమ్మే కొట్లో బాసికం గురించి అడిగినవాళ్ళు ఉన్నారా? నేను ఆరు కొట్లు తిరిగాను, ఒక్కరూ అడగలేదు.

తక్కువ పడిన వస్తువుల కోసం అమ్మతో కలిసి మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి వెళ్ళాను. అక్కడ మా పెద్దమ్మగారి ఇల్లు ఉండడం ఒక సాకు. ఆ ఊరు గిల్టు నగలకు పెట్టింది పేరు. ఆన్‌లైన్లో దెబ్బతిన్నాను కనుక ఈసారి పూత గురించి గుచ్చి గుచ్చి అడిగాను. ఒక పెద్దాయన ఓపిగ్గా చెప్పాడు: పూత మందం ఎంతన్నదే అసలు మాట, రాగి అందరిదీ రాగే. చర్మానికి తగిలేవి ఒక రకం, జుట్టులోనే ఉండేవి ఒక రకం. మెడకు, చెవికి తగిలే వాటికి డబ్బు పెట్టండి, జడ చివర వేలాడే కుప్పెలకు అంత అక్కర్లేదు. సూర్యచంద్రులు, కుప్పెలు, ఒక జత మాటీలు కొన్నాం. మాటీలు అలంకారం కోసం అనుకుంటారు గానీ, బుట్టల బరువును చెవి తమ్మెల నుంచి తీసి జుట్టుకు అప్పగించడమే వాటి అసలు పని. నాకు ఆ రాత్రి అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది అవే.

ఇక పూలు. కడియపులంక పూల మార్కెట్టు మాకు దగ్గర. పూలజడ కుట్టే ఆవిడ అమ్మ చిన్ననాటి నుంచీ తెలిసిన మనిషి. పార్లర్ అమ్మాయి సలహా గుడ్డతో చేసిన పూలజడ. వాడదు, బరువుండదు, మళ్ళీ వాడుకోవచ్చు. నిజం చెప్పాలంటే నేను దాని వైపే మొగ్గాను. పూలావిడ నా వాదనంతా విని ఒకే మాట అడిగింది: "ముహూర్తం ఎన్నింటికి పాపా?"

చెప్పాను.

"మొగ్గలు సాయంత్రానికి విచ్చుకోవడం మొదలుపెడతాయి. మధ్యాహ్నం కుట్టిన జడ నీ ముహూర్తానికి వడిలిపోతుంది. తడిగుడ్డలో చుట్టి ఐసుపెట్టెలో ఉంచి, పొద్దుగూకాక కుడతాను. పది గంటలకు జడకు కట్టు. అది విచ్చుకునేటప్పటికి నీ పెళ్ళి అవుతూ ఉంటుంది."

మొగ్గలు మొగ్గలుగానే ఉండాలి కదా అన్నాను, ఫొటోల్లో చూసిన జడలన్నీ తలుచుకుని. విచ్చుకోని మల్లె ఎందుకు, ప్లాస్టిక్ పూసలు కుట్టుకో అంది. విచ్చుకుంటుందని తెలిసే మొగ్గకూ మొగ్గకూ మధ్య సందు వదిలి కుడుతుందట, విచ్చుకున్నాక ఆ సందు నిండుతుంది. గుడ్డ పూల ఆలోచన అక్కడే వదిలేశాను.

బరువు చిక్కును కూడా ఆవిడే విప్పింది. జడంతా కప్పేయకుండా రెండు అంచుల వెంట మల్లెల వరుసలు, నడుమ బిళ్ళలకు ఖాళీ పట్టీ. మల్లెల లోపలి అంచుకు కనకాంబరాలు. వాసన లేకపోయినా రంగుంది, దూదిలా తేలిక. మధ్యమధ్య మరువం. గులాబీలు వద్దంది, రేకులు నలిగితే నల్లబడతాయని. అమ్మకు పూలజడ వచ్చింది, అమ్మమ్మకు బిళ్ళలు కనిపించాయి, నాకు బరువు తగ్గింది.

ఇంకొక ఉపాయం మా చిన్నాన్న కూతురు చెప్పింది. అది కూచిపూడి నేర్చుకుంది. భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి తన గొప్ప చాటుకుంటుంది కదా, ఆ జడతో గంటసేపు ఆడాలంటే బరువంతా నెత్తి మీద ఉంచుకుంటే కుదరదు. జడను నడుము దగ్గర వడ్డాణం కిందుగా పోనిచ్చి దారంతో కట్టేస్తారట. అలాగే చేశాను. జడ ఊగదు, ముందుకు జారదు, సగం బరువు నడుము మోస్తుంది. పెళ్ళిళ్ళలో వడ్డాణం ఎందుకు పెట్టుకుంటారో నాకు ఆ రోజు అర్థమైంది. సరైన కారణం అది కాకపోయినా నాకు అదే చాలు.

పెళ్ళిరోజు పొద్దున్నే మంగళస్నానం. పార్లర్ అమ్మాయి ముందే హెచ్చరించింది, తలకు నూనె పెడితే పిన్నులు జారిపోతాయని. నూనె పెట్టకుండా మంగళస్నానం ఎలా అవుతుందని పెద్దవాళ్ళు. మాడు మీద మూడు చుక్కలు అద్ది, కుంకుడుకాయ పులుసుతో రెండుసార్లు రుద్దించుకుని బయటపడ్డాను. కుంకుడు రసం కళ్ళలో పడి ఎర్రబడిన కళ్ళు చూసి, పుట్టింటి మీద బెంగ అప్పుడే మొదలైందని మా పిన్ని అందరికీ చెప్పింది.

రాత్రి పదింటికి జడ. సూర్యచంద్రులను పార్లర్ అమ్మాయి అటుదిటు పెట్టింది. పెట్టుకున్నవాళ్ళ కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు ఉండాలి. అద్దంలో చూసి పెడితే తారుమారు కావడం సహజమే. మా చెల్లే పట్టుకుంది, కూచిపూడి పిల్ల కదా. బిళ్ళలను మాత్రం అమ్మమ్మ ఎవరినీ తాకనివ్వలేదు. సూదిలో నల్లదారం రెండు పేటలుగా ఎక్కించి, ఒక్కో బిళ్ళనూ సవరానికి కుట్టి, పంటితో దారం కొరికింది. రాత్రంతా నా వెనక కూర్చుని బిళ్ళలు లెక్కపెట్టే పని మా పిన్నికి అప్పగించింది. ఆ పిన్ని ముహూర్తం వేళకు కునుకు తీసిందని తరువాత వీడియోలో తెలిసింది.

గంపలో కూర్చోబెట్టి నన్ను మండపానికి తీసుకొచ్చేటప్పుడు మామయ్య చెవి దగ్గర వంగి, "ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు. ఏడు అన్నాను. "తొమ్మిదీ ఉంటే నేను మోయలేకపోయేవాణ్ణి" అని నవ్వాడు. మళ్ళీ వెంటనే ముఖం తిప్పుకుని, గంప అటువైపు పట్టుకున్నవాళ్ళను సరిగా పట్టుకోమని కసిరాడు.

అడ్డుతెర దిగక ముందే జీలకర్ర బెల్లం ముద్ద నా మాడు మీద పడింది. చల్లగా, బరువుగా. ఆయన చెయ్యి వణకడం తెలిసింది. స్పంజి ఉంటే తెలిసేది కాదు. ఆ వేళకు మల్లెలు సగం విచ్చుకున్నాయి. వాసన నాకంటే నా వెనక కూర్చున్నవాళ్ళకే ఎక్కువ తెలిసిందట. మధుపర్కాలు కట్టుకోవడానికి లోపలికి వెళ్ళినప్పుడు వడ్డాణం దగ్గరి ముడి విప్పడం మరిచి ఒకసారి తల వెనక్కి లాగింది, అంతే. తలంబ్రాలు మాత్రం నేను అనుకున్నదానికంటే ఎక్కువ మిగిలాయి జడలో. అరుంధతిని చూపించేటప్పుడు తల ఎత్తగానే వీపు మీద జలజల రాలాయి.

తెల్లవారి ఆరింటికి అమ్మమ్మే కత్తెర పట్టుకుని దారాలు తెంచింది. పూలు పూర్తిగా గోధుమరంగుకు తిరిగాయి. మొత్తం 53 పిన్నులు. సవరం మెడ నుంచి దిగిన క్షణం ఎలా ఉందో చెప్పను, పెళ్ళి చేసుకున్నవాళ్ళకు తెలుసు.

ఇప్పుడు మా పిన్ని కూతురి పెళ్ళి కుదిరింది, మాఘంలో. బిళ్ళలు అడిగింది. కుంకుడు నీళ్ళలో నానబెట్టి మెత్తని బ్రష్షుతో తోముతుంటే మూడో బిళ్ళ వెనక కొలికీలో పసుపు బియ్యపు గింజ ఒకటి ఇరుక్కుని ఉంది. తీయకుండా అలాగే పసుపు గుడ్డలో కట్టాను. సవరం, మాటీలు, వంటింటి కాటా కూడా ఆ సంచిలోనే సర్దాను. దాని జుట్టు చెవుల కిందికి కూడా రాదు. ఐదు బిళ్ళలు సరిపోతాయేమోనని అమ్మమ్మ ఇప్పటినుంచే లెక్కలు వేస్తోంది.